నగారా మోగని ఇల్లు

కుసుమ్ పెనం మీద రోటీ తిరగేస్తుండగా రేడియోలో ఆ పాట మొదలైంది. అట్లకాడ అక్కడే పడేసి, పిండి చేత్తోనే గబగబా వెళ్లి రేడియో గొంతు నొక్కబోయింది.

"ఉంచు" అన్నాడు మామగారు రఘుబర్ వసారాలోంచి.

"బ్యాటరీ అయిపోవచ్చింది మామయ్యా."

"ప్లగ్గులో పెట్టిన రేడియోకి బ్యాటరీ ఏమిటే? ఉంచమన్నానా!"

కుసుమ్ నాలిక కరుచుకుని పొయ్యి దగ్గరికి వచ్చింది. ఈలోగా రోటీ మాడింది. రఘుబర్ మాత్రం కళ్లు మూసుకుని, నిమ్మగడ్డి టీ గ్లాసు మీద వేళ్లతో దరువేసుకుంటూ వింటున్నాడు. తన గొంతు తను వినడమంటే ఆయనకి మహా ఇష్టం.

*ఒక్కటుంటే పలకదు, రెండయితే ఊరుకోదు,*
*పుట్టింట్లో చిన్నది, అత్తింట్లో పెద్దది,*
*విరిగితే ఏడుస్తారు, అరిగితే మురుస్తారు,*
*విప్పవయ్యా ఈ ముడి, ఊరు మెచ్చిన మొనగాడా!*

పదకొండేళ్ల కిందట హోలీ పోటీల్లో ఆయన పాడిన పొడుపుపాట అది. ఈ మధ్య ఎవరో కుర్రాళ్లు దానికి దడదడలాడే దరువొకటి తగిలించి మళ్లీ వదిలారు. ఇంక మా దీవిలో, ఈ లంబాసా జనానికి వేరే పనేముంది? చెరకు లారీల్లో అదే, బస్సుల్లో అదే, పెళ్లి పందిళ్లలో అదే. పాట చివర, ఆ రోజు మైదానమంతా ఊగిపోతుంటే ఆయన అరిచిన మాట కూడా తీసెయ్యకుండా ఉంచారు మహానుభావులు. "దీని ముడి విప్పినోడి ఇంటికే నా బిడ్డ శలేష్ని కోడలిగా వెళ్తుంది! ఇది రఘుబర్ మాట!" ఆ వెంటనే ఈలలు, కేకలు.

లోపలి గదిలో జడ వేసుకుంటున్న శలేష్ని చెయ్యి ఆ ఈలల దగ్గర ఆగిపోయింది. ఆ మాట అన్ననాడు ఆమెకి ఇరవై ఒకటి. తల్లి సూరజ్‌కలీ పోయి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ఇప్పుడు ముప్ఫై రెండు. వెంట్రుకల్లో తెల్లవి కనబడితే పీకడం కూడా మానేసింది.

జడ ముగించి వసారాలోకి వచ్చింది. "నాన్నా, రేపు అవినేశ్ వాళ్లమ్మని తీసుకుని వస్తున్నాడు. గుర్తుందిగా?"

"రానీ. నేనేమన్నా వద్దన్నానా? అందరికీ తాగడానికి కావా వేరు దంచి ఉంచమని మీ అన్నకి చెప్పాను. జొఖన్ కూడా నగారా తీసుకుని వస్తాడు."

"నగారా ఎందుకు నాన్నా?"

"ఎందుకేమిటి? కుర్రాడు జవాబు చెప్తే మోగించొద్దూ?"

"అతను జవాబు చెప్పడానికి రావట్లేదు. నన్ను అడగడానికి వస్తున్నాడు."

"రెండూ ఒకటేగా" అన్నాడు రఘుబర్ చాలా మామూలుగా, టీ ఊదుకుంటూ.

శలేష్ని ఆయన ఎదురుగా మెట్టు మీద కూర్చుంది. "వచ్చే నెల అతన్ని సముద్రం అవతల సువా పంపించేస్తున్నారు. అక్కడి బస్సు రూట్లో వేశారు. రేపు కుదరకపోతే వాళ్లమ్మ ఇంక రాదు. ఇదే ఆఖరు నాన్నా."

"పోతే పోనీ. పెళ్లికొడుకులకేం కరువా?"

"కరువే. నువ్వు తెచ్చిన కరువు."

పొయ్యి దగ్గర కుసుమ్ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. రఘుబర్ గ్లాసు కింద పెట్టాడు. శలేష్ని సంచీ భుజాన వేసుకుని, రోటీ కూడా తినకుండా బస్సుకి బయలుదేరింది. ఆమె పట్నంలో బట్టల షాపులో పని చేస్తుంది.

కోపం వస్తే ఇల్లు వదిలి పోవచ్చుగా అని మీరనొచ్చు. అనడం తేలిక. మా నగారా పోటీల్లో పొడుపు వేసేవాడు, పాట ఎత్తుకునే ముందు దాని జవాబుని తన నగారా వాయించేవాడి చెవిలో చెప్పాలి. తర్వాత మాట మార్చకుండా అదో కట్టుబాటు. అవతలివాడు సరైన జవాబు చెప్పగానే నగారా మోగుతుంది. అది మోగితేనే గెలుపు, లేకపోతే లేదు. అలాంటి పోటీలో, దేవుడి పటం ముందు, వేలమంది వింటుండగా తండ్రి పెట్టిన ప్రమాణం. దాన్ని తొక్కేసి వచ్చే పిల్లని కోడలిగా తెచ్చుకోవడానికి ఏ అత్తగారికీ గుండె చాలదు. శలేష్నికీ చాలలేదు. తను వెళ్లిపోతే తండ్రి మళ్లీ తలెత్తి పాడలేడని ఆమెకి తెలుసు. ఆయన మీద పట్టరాని కోపం, అంతకు తగ్గ జాలి. ఆ రెండింటి మధ్య పడి నలిగిపోయింది పిల్ల.

మొదట్లో జవాబులు తెచ్చినవాళ్లకి లెక్కలేదు. తవేయూనీ దీవి నుంచి ఒకడు పడవలో కక్కుకుంటూ వచ్చి "తిరగలి" అన్నాడు. నగారా మోగలేదు. మళ్లీ కక్కుకుంటూ వెళ్లిపోయాడు. ఒక లారీ ఓనరు "చెప్పులు" అని, ఆ చెప్పులే తొడుక్కుని ఇంటికి పోయాడు. భజన తాళాలన్నవాడు ఒకడు, పెదవులన్నవాడు ఒకడు. సన్నగా, మెత్తగా మాట్లాడే టీచరొకాయన "గాజులు" అన్నప్పుడు మాత్రం వీధి వీధంతా ఊపిరి బిగబట్టింది. అన్ని పాదాలకీ అతికినట్టే ఉంది మరి! రఘుబర్ తల అడ్డంగా ఊపాడు. జొఖన్ చేతిలో పుల్లలు కదల్లేదు. ఆ టీచరు శలేష్నికి కూడా నచ్చాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. రానురాను జనం రావడం మానేశారు, పాట మాత్రం మిగిలింది.

ఆమె బస్సెక్కితే చాలు, డ్రైవర్లు నవ్వుకుంటూ ఆ పాట గొంతు పెంచేవాళ్లు. వెనక సీట్లో కుర్రాళ్లు "ఏం అక్కా, మేం చెప్పమా?" అని అరిచేవాళ్లు. ఒక్క డ్రైవరు మాత్రం, ఆమె మెట్టు మీద కాలు పెట్టగానే చెయ్యి చాచి రేడియో ఆపేసేవాడు. ఎవరైనా గోలపెడితే "పాడైపోయింది" అనేవాడు. రోజూ ఆమె ఎక్కగానే పాడయ్యేది, దిగగానే బాగయ్యేది. అతనే అవినేశ్. చాలా రోజులకి శలేష్నే నవ్వి, "మీ రేడియో బాగుచేయించుకోకూడదూ?" అంది. అలా మొదలైంది.

ఆదివారం భోజనాలవేళకే వసారా నిండిపోయింది. పిలవకుండానే వచ్చారు ఇరుగుపొరుగువాళ్లు, చాపలు చంకన పెట్టుకుని మరీ. చాలాకాలానికి పెళ్లికొడుకొచ్చాడు కదా, తమాషా వదులుకుంటారా? శలేష్ని అన్న దినేశ్ బేసిన్‌లో కావా కలిపి కొబ్బరిచిప్పతో అందరికీ అందిస్తున్నాడు. జొఖన్ ఒక మూల నగారా ముందు కూర్చున్నాడు. తోలు బిగువెక్కాలని పొద్దున్నే ఎండలో పెట్టి తెచ్చాడు. రఘుబర్ పాత గులాబీరంగు తలపాగా చుట్టుకున్నాడు.

అవినేశ్ ఇస్త్రీ చొక్కాలో ఇబ్బందిగా కూర్చున్నాడు. పక్కన వాళ్లమ్మ భాగ్‌మతి, ముంజేతులు దిట్టంగా ఉన్న మనిషి, చుట్టూ జనాన్ని చూసి, "పెళ్లిచూపులకొచ్చామా, సర్కస్సుకొచ్చామా?" అంది కొడుకుతో, అందరికీ వినబడేట్టుగానే.

రఘుబర్ ఆనవాయితీగా చప్పట్లు కొట్టి కావా తాగి, గొంతు సవరించుకున్నాడు. "బాబూ, పొడుపు విన్నావుగా. పాడమంటే మళ్లీ పాడతాను. చెప్పు."

"నాకు తెలీదండీ" అన్నాడు అవినేశ్.

"తెలీకపోతే ఆలోచించు. తొందరేం లేదు."

"ఆలోచించనండీ. మీ అమ్మాయి నాకు పందెంలో గెలిచే బహుమతి కాదు. ఆమెకి నేను నచ్చాను, నాకు ఆమె నచ్చింది. అది చెప్పడానికొచ్చాను."

చాపల మీద గుసగుసలు లేచాయి. ఎవరో "అబ్బో!" అన్నారు. రఘుబర్ మొహం ఎర్రబడింది. "జవాబు లేకుండా నా గుమ్మం ఎక్కడానికి నీకు ధైర్యమెలా వచ్చింది?"

"వాడి మాట అలాగే ఉంటుంది లెండి, మీరు కోప్పడకండి" అంది భాగ్‌మతి. "పిల్ల బంగారం. నాకు నచ్చింది. కానీ అన్నగారూ, నా భయం నాది. తండ్రి ప్రమాణం నెత్తిన పెట్టుకుని మా ఇంట అడుగుపెడితే రేపు పిల్లకి తలనొప్పొచ్చినా అందరూ అదే అంటారు. మీ అంతట మీరు మాట వెనక్కి తీసుకోండి. కళ్లకద్దుకుని తీసుకెళ్తాను."

"మాట వెనక్కా? రఘుబర్ మాటా?" ఆయన గొంతు మైదానంలో పలికినట్టే పలికింది. "ఈ దీవంతా విన్న మాటమ్మా అది!"

"అయితే మేం వెళ్లొస్తాం" అంటూ భాగ్‌మతి మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది.

లోపలి నుంచి లడ్డూల పళ్లెంతో వస్తున్న శలేష్ని గుమ్మంలో ఆగింది. పళ్లెం కింద పెట్టి, "కూర్చోండి అత్తయ్యా. ఒక్క నిమిషం" అంది. తర్వాత తండ్రి ముందుకొచ్చి నిలబడింది.

"నాన్నా, నువ్వే గెలిచావు."

"ఏమిటీ?"

"ఇన్నేళ్లూ పోటీ నడిచింది. ఒక్కడూ విప్పలేకపోయాడు. ఎవరూ విప్పలేకపోతే వేసినవాడే జవాబు చెప్పి పోటీ ముగించాలి. అదీ కట్టుబాటేగా? ఇప్పుడు చెప్పెయ్. పొడుపు తీరిపోతుంది, దాంతోపాటు ప్రమాణమూ తీరిపోతుంది. నీ పరువు ఎక్కడికీ పోదు. ఇంకా పెరుగుతుంది."

జనంలో తలలూగాయి. "పిల్ల న్యాయంగానే అడిగింది" అన్నాడొక పెద్దాయన. అందరూ రఘుబర్ వైపు తిరిగారు. ఆయన తలపాగా సర్దుకున్నాడు. కొబ్బరిచిప్ప అందుకుని, అది ఖాళీగా ఉండడం చూసి కింద పెట్టాడు.

"చెప్పను."

"ఎందుకు?"

"నా ఇష్టం."

"నీ ఇష్టమా?" శలేష్ని ఇంకో అడుగు ముందుకేసింది. "నా ఈడువాళ్ల పిల్లలు స్కూలు బట్టలకి మా షాపుకొస్తున్నారు నాన్నా. నేనే కొలతలు తీస్తాను. 'ఆంటీ, ఆ పాటలో పేరు మీదేనా?' అని అడుగుతారు. బస్సెక్కితే అదే, పెళ్లికెళితే అదే. నా పేరు పెట్టి ఊరంతా ఈల వేస్తుంటే నేను తల దించుకుని నడవాలి. నేనేం తప్పు చేశానని? నువ్వు పాడిన పాటలో నన్ను పెట్టి మూత వేసేశావు. ఊపిరాడట్లేదు నాన్నా నాకు!"

"శలూ, ఇంక చాల్లే, అందరూ చూస్తున్నారు" అన్నాడు దినేశ్.

"చూడనీ అన్నయ్యా. చూడ్డానికేగా వచ్చారు!" ఆమె మూలకి తిరిగింది. "జొఖన్ బాబాయ్, ఆ రోజు నీ చెవిలో జవాబు చెప్పాడుగా. నాన్న చెప్పడు. నువ్వు చెప్పు."

జొఖన్ ఉలిక్కిపడ్డాడు. రఘుబర్ పాటకి నలభై ఏళ్లుగా దరువేస్తున్న మనిషి. శలేష్నిని నగారా మీద కూర్చోబెట్టుకుని ఆడించిన మనిషి. ఆయన రఘుబర్ వైపు చూశాడు. రఘుబర్ చూపు నేల మీదే ఉంది.

"నన్నడక్కమ్మా."

"నిన్నే అడుగుతున్నాను. ఇంకెవర్ని అడగను? అమ్మ లేదు నాకు."

ఆ మాటకి ముసలాయన తట్టుకోలేకపోయాడు. పుల్లలు రెండూ పక్కన పెట్టేశాడు. "నాకేం చెప్పలేదు తల్లీ మీ నాన్న. పాట ఎత్తుకునే ముందు నా చెవిలో నోరు పెట్టి, 'ఇది మా ఆవిడ పాట, జవాబు దానికే తెలుసు, నువ్వు ఊరుకో' అన్నాడు. అంతే. నేను ఊరుకున్నాను. మీ నాన్న పరువు కదాని ఊరుకున్నాను. ఏది విని మోగించమంటావు నన్ను?"

చెరకు రైలు కూత దూరంగా వినిపించి ఆగిపోయింది.

"అయ్యో మామయ్యా!" అంది కుసుమ్.

శలేష్ని చాప మీద కూలబడింది. "ఆ టీచరు గాజులన్నాడు" అంది చిన్నగా. "అది సరైన జవాబేనా నాన్నా?"

"ఏమో తల్లీ" అన్నాడు రఘుబర్. "అయ్యుండొచ్చు. నాకు తెలీదు."

అన్నాక ఆయన మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఎన్నో మైదానాలు దద్దరిల్లేలా పాడిన ఆ గొంతు చిన్నపిల్లాడి గొంతులా బొంగురుపోయింది.

"మా పెళ్లైన కొత్తలో వేసింది మీ అమ్మ ఈ పొడుపు. పిండి కలుపుతూ పాడింది. 'చెప్పుకో చూద్దాం, పెద్ద పాటగాడివిగా' అంది. నేను ఏం చెప్పినా కాదని నవ్వేది. రోజూ సాయంత్రం పొలం నుంచి రాగానే ఒక జవాబు చెప్పేవాణ్ని. రోజూ 'కాదు' అనేది. ఆ 'కాదు' వినేదాకా దాని పక్కనే కూర్చునేవాణ్ని. ఆసుపత్రిలో కూడా అడిగాను. 'శలూ పెళ్లికి చెప్తాలే' అంది. చెప్పకుండా పోయింది."

"మరి ఎందుకు నాన్నా, నన్నెందుకు పందెం పెట్టావు?"

"ఆ హోలీనాడు అవతలి జట్టువాడు 'నీ గుప్పిట్లో ఏమీ లేదు' అని ఎగతాళి చేశాడు. ఒళ్లు మండింది. అంత పెద్ద పందెం పెడితే ఎవడో ఒకడు చెప్తాడు, నాకూ తెలుస్తుంది అనుకున్నాను. కానీ ఎవడు ఏది చెప్పినా, వెనకనుంచి మీ అమ్మ 'కాదు' అని నవ్వినట్టే ఉండేది. ఒక్కడికి అవునన్నానంటే ఆ నవ్వు ఆగిపోతుంది. నా వల్ల కాలేదమ్మా."

శలేష్ని ఏడుస్తోంది. భాగ్‌మతి ఎప్పుడు మళ్లీ కూర్చుందో, పైట చెంగుతో ముక్కు తుడుచుకుంటోంది.

రఘుబర్ ఒక్కసారిగా తల ఎత్తాడు. "అవినేశ్! బాబూ, ఏదో ఒకటి చెప్పు. నీ నోటికొచ్చింది చెప్పు, అవునంటాను. జొఖన్, పుల్లలు తియ్!"

జొఖన్ తడబడుతూ పుల్లలందుకున్నాడు.

"వద్దు" అంది శలేష్ని. "అబద్ధం మీద మోగిస్తే అది ఇంకో మూత నాన్నా. అలా వెళ్లను నేను."

"మరి నన్నేం చెయ్యమంటావే?"

"నిజం చెప్పు. వీళ్లందరికీ చెప్పు."

రఘుబర్ గోడ పట్టుకుని లేచాడు. పోటీలో ఒక్కసారి కూడా ఓడినట్టు ఒప్పుకోని మనిషి. చివరికి తలపాగా విప్పి, దాన్ని చేతుల్లో పట్టుకుని చాపల మీద జనాన్ని చూశాడు.

"మీ అందర్నీ ఇన్నేళ్లూ మోసం చేశాను. ఆ పొడుపుకి జవాబు నాకు తెలీదు. తెలీకుండా పోటీలో వేసినవాడు ఓడినట్టే లెక్క. నేను ఓడిపోయాను. ఓడినవాడి పందెం చెల్లదు. నా బిడ్డ మీద ఎవరి మాటా లేదు, నాది కూడా లేదు. పట్నంలో చెప్పండి, బస్సుల్లో చెప్పండి. అడిగినవాళ్లందరికీ చెప్పండి."

ఎవరూ నవ్వలేదు. ఇందాకటి పెద్దాయన లేచి, వెళ్తూ వెళ్తూ రఘుబర్ భుజం మీద చెయ్యి వేసి వెళ్లాడు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే చాపలు చుట్టుకున్నారు.

రఘుబర్ కూతురి ఎదుట మోకాళ్ల మీద కూర్చున్నాడు. "మీ అమ్మ నన్ను ఆ పాటతో కట్టేసింది. నాకు ఇష్టమై ఉన్నాను శలూ. నువ్వూ అలాగే ఉన్నావనుకున్నాను. నీకు ఇష్టమా అని ఒక్కనాడూ అడగలేదు. పాపిష్టివాణ్ని."

ఆమె ఆయన నెత్తి మీద చెదిరిన తెల్లజుట్టు చేత్తో సరిచేసింది.

ఆయన భాగ్‌మతి వైపు తిరిగి చేతులు జోడించాడు. "చెల్లెమ్మా, మా పిల్లని తీసుకెళ్తారా?"

"తీసుకెళ్లడమేమిటి నాన్నా?" అంది శలేష్ని కళ్లు తుడుచుకుంటూ. "నేనేమన్నా మూటనా? నేనే వెళ్తాను."

"వినబడిందా అమ్మా?" అన్నాడు అవినేశ్.

"నాకేం చెవుడా? ఇలాంటి కోడలొస్తే నా నోటికి కాస్త విశ్రాంతి" అంది భాగ్‌మతి, ఎవరూ ఇవ్వకుండానే లడ్డూ తీసుకుంటూ.

సాయంత్రం వాళ్లని సాగనంపాక కుసుమ్ పప్పు, వంకాయకూర వండింది. రఘుబర్ తింటానని రాలేదు. శలేష్ని కంచంలో అన్నం కలిపి తనే వసారాలోకి పట్టుకెళ్లి ఆయన చేతికిచ్చింది. పక్కనే కూర్చుంది. ఆయన ఒక ముద్ద తిని ఆగాడు.

"నా మీద కోపం పోయిందా?"

"లేదు."

"ఎప్పుడు పోతుందమ్మా?"

శలేష్ని ఏదో ఒకటి చెప్పి ఆయన్ని ఊరడించొచ్చు. కానీ ఊరడించలేదు.

"నాకు తెలీదు నాన్నా."

ఆయన తలూపాడు. ఆ మాట అంత తేలిగ్గా అనెయ్యొచ్చని, అన్నాక కూడా పక్కనే కూర్చుని ఉండొచ్చని ఆయనకి ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు. కళ్లనీళ్లు కంచంలో పడుతుంటే అలాగే తిన్నాడు. ఆమె ఇంకాస్త పప్పు వేసింది.